గొప్ప ఇన్నింగ్స్ వేరు, గొప్ప మ్యాచ్ వేరు

నెల్లూరులో కుర్ర ఆటగాళ్ళు, స్కోరర్లు, అంపైర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. పెద్దలు కుర్చీల్లో ఉన్నారు, పిలకాయలు గోడకి ఆనుకుని నిలబడ్డారు. రవంత ముందుకి జరిగి నేల మీదన్నా కూర్చోండి అబ్బయ్యా, ఇది పది నిమిషాల్లో తేలే సంగతి కాదు.

వన్డేల్లో అన్నిటికంటే గొప్ప మ్యాచ్ ఏది? ఈ ప్రశ్న వి.ఆర్.సి. గ్రౌండు బయట టీ అంగడి దగ్గర వేసి చూడండి. ఒకరు 1983 ఫైనల్ అంటారు. ఇంకొకరు 2011 అంటారు, ధోనీ సిక్స్ అంటారు. కాస్త వయసైనవాళ్ళు షార్జా ఇసుక తుఫాను అంటారు. ఇంతలో ఎవరో మ్యాక్స్‌వెల్ డబుల్ సెంచరీ తీస్తారు. ఇక అరుపులే. ఎవరూ తప్పు చెప్పడంలా. చిక్కల్లా ఏందంటే, అందరూ ఒకే ప్రశ్నకి జవాబు చెప్తున్నామనుకుంటూ మూడు వేరే వేరే ప్రశ్నలకి చెప్తున్నారు.

గొప్ప ఇన్నింగ్స్ ఒకటి. గొప్ప సందర్భం ఒకటి. గొప్ప మ్యాచ్ ఒకటి. ఈ మూడూ వేరు. వీటిని విడదీస్తే సగం తగాదా అక్కడే తీరిపోద్ది.

ముందు ఇన్నింగ్స్ సంగతి. 1983 జూన్ 18, టన్‌బ్రిడ్జ్ వెల్స్. జింబాబ్వే మీద మనం 5 వికెట్లకు 17. కపిల్ దేవ్ 138 బంతుల్లో 175 నాటౌట్, చివర్లో కిర్మానీతో తొమ్మిదో వికెట్‌కి విడిపోకుండా 126. స్కోరు 8 వికెట్లకు 266. జింబాబ్వే 235కి అవుటయింది. ఇన్నింగ్స్‌గా దీనికి సాటి వెతకడం కష్టం. మ్యాచ్‌గా చూస్తే? కపిల్ కొట్టడం మొదలుపెట్టాక ఆట మొగ్గు మళ్ళీ పెద్దగా మారలేదు. 2023 నవంబర్ 7న వాంఖడేలో మ్యాక్స్‌వెల్‌దీ అదే వరస. అఫ్ఘానిస్తాన్ 5 వికెట్లకు 291. ఆస్ట్రేలియా 7 వికెట్లకు 91. అక్కణ్ణించి మ్యాక్స్‌వెల్ 128 బంతుల్లో 201 నాటౌట్, పిక్కలు పట్టేసి, నిలబడిన చోట నుంచే కొట్టాడు. అవతల కమిన్స్ 68 బంతులాడి 12. ఆ 12 పరుగుల విలువ స్కోరర్లకి అర్థమైనంతగా చూసేవాళ్ళకి కాదు. 33 దగ్గర మ్యాక్స్‌వెల్ ఇచ్చిన తేలిక క్యాచ్‌ని ముజీబ్ వదిలేశాడు. ఆ తర్వాతిది ఒక మనిషి ఆట. పదకొండు మందీ పదకొండు మందీ ఆడిన ఆట అని దాన్ని అనలేం.

షార్జా కూడా ఇంతే. 1998 ఏప్రిల్ 22న ఆస్ట్రేలియా మీద సచిన్ 131 బంతుల్లో 143. తుఫాను తర్వాత లక్ష్యం 46 ఓవర్లలో 276. గెలవకపోయినా 237 దాటితే రన్ రేటు మీద ఫైనల్‌కి పోవచ్చు. మనం 5 వికెట్లకు 250 కొట్టి 26 పరుగుల తేడాతో ఓడిపోయాం, ఫైనల్‌కి పోయాం. ఓడిన మ్యాచ్‌ని పాతికేళ్ళు దాటినా గెలిచినట్టు చెప్పుకుంటున్నామంటే అది ఇన్నింగ్స్ మహత్యం.

సందర్భాల సంగతికొస్తే కోపం తెచ్చుకోవద్దు. 1983 జూన్ 25, లార్డ్స్. మనం 54.4 ఓవర్లలో 183. అప్పుడు 60 ఓవర్ల ఆట, అది మర్చిపోయి ఇప్పటి 50 ఓవర్ల లెక్కలో చూస్తే తప్పుతాం. వెస్టిండీస్ 140. సంధు బంతి బయటికి పోతుందనుకుని గ్రీనిడ్జ్ బ్యాటెత్తి వదిలేస్తే అది లోపలికొచ్చి స్టంప్స్ లేపేసింది. రిచర్డ్స్ 28 బంతుల్లో 33 కొట్టి, మదన్ లాల్ బంతిని గాల్లోకి లేపితే కపిల్ వెనక్కి పరిగెత్తి పట్టాడు. మన దేశంలో క్రికెట్ రాతనే మార్చిన రోజది. కానీ స్కోరు బుక్కు ముందేసుకుని చూస్తే ఆట మొగ్గు మారింది ఒక్కసారే, రిచర్డ్స్ అవుటైన దగ్గర. తర్వాత డుజాన్, మార్షల్ కాసేపు నిలబడ్డారు, అమర్‌నాథ్ 12 పరుగులకు 3 తీసి ముగించాడు. 2011 ఫైనల్‌లో కూడా, 31 పరుగులకి సెహ్వాగ్, సచిన్ ఇద్దరూ పోయాక భయమేసిన మాట నిజం. గంభీర్ 97, ధోనీ 79 బంతుల్లో 91 నాటౌట్, 48.2 ఓవర్లలో పని అయిపోయింది. చివరి పది ఓవర్లకి వచ్చేసరికి మనదే పైచేయి. సందర్భం ఆకాశమంత. ఆట మాత్రం మంచి ఛేజింగ్, అంతే.

వెనక నించి ఎవరో గొణుగుతున్నారు. ఉండండి, మనవాళ్ళది ఒకటి పట్టికలో పైనే ఉంది, వస్తా.

మరి గొప్ప మ్యాచ్‌ని ఎట్టా పట్టుకోవాలి? స్కోరర్లు రాసుకోండి. రెండో ఇన్నింగ్స్‌లో 10, 20, 30, 40, 45 ఓవర్లు ముగిసిన చోటా, మధ్యలో ఆట మలుపు తిరిగిందనిపించిన చోటా ఆగండి. మూడు అంకెలు వేసుకోండి: ఇంకా కావలసిన పరుగులు, మిగిలిన బంతులు, చేతిలో వికెట్లు. ఆ క్షణాన ఎవరి పక్షాన పందెం కాస్తారో పక్కన రాయండి. డబ్బులు కాయమనడంలా, పేరు రాయమంటున్నా. ఆ పేరు ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టండి. రెండుసార్లు లోపు మారితే అది గొప్ప మ్యాచ్ కాదు, ఎంత పెద్ద కప్పు అయినా సరే. రెండో పరీక్ష, రెండు జట్లలోనూ బ్యాటూ బంతీ రెండూ గెలవాలి. ఒకవైపు బౌలర్లు పూర్తిగా చేతులెత్తేస్తే అది సగం మ్యాచే. మూడోది, ఓడితే పోయేది ఏదో ఒకటి ఉండాలి.

ఈ జల్లెడలో పోస్తే ముందు రాలిపోయేది చాలామందికి ఇష్టమైనది. 2006 మార్చి 12, జొహానెస్‌బర్గ్. సిరీస్ 2–2, ఇదే తేల్చే మ్యాచ్. ఆస్ట్రేలియా 4 వికెట్లకు 434, వన్డేల్లో 400 దాటడం అదే మొదటిసారి. పాంటింగ్ 105 బంతుల్లో 164. దక్షిణాఫ్రికా ఒక్క బంతి మిగిలి ఉండగా 9 వికెట్లకు 438. గిబ్స్ 111 బంతుల్లో 175. 130 దగ్గర అతను ఇచ్చిన క్యాచ్‌ని బ్రాకెన్ నేలపాలు చేశాడు. ఆ బ్రాకెన్‌కే 5 వికెట్లు కూడా. చివరి ఓవర్లో 7 కావాలి, బౌలర్ బ్రెట్ లీ: బౌచర్ ఒకటి, హాల్ ఫోరు, హాల్ క్యాచ్ అవుట్, ఎన్తీనీ ఒకటి, బౌచర్ ఫోరు. సినిమా కూడా ఇంత సాగదీయదు.

అయినా దీన్ని నేను మొదటి స్థానంలో పెట్టను. 99.5 ఓవర్లలో 872 పరుగులు. మిక్ లూయిస్ 10 ఓవర్లకి 113 ఇచ్చాడు. ఊరు సముద్ర మట్టానికి సుమారు 1,700 మీటర్ల పైన, గాలి పలచన, బంతి ఎగిరితే ఆగదు. పిచ్ చూస్తే సిమెంటు రోడ్డు మాదిరి. మైపాడు తీరాన మన టెన్నిస్ బంతి ఎదురుగాలికి తిరిగి ఫీల్డర్ చేతుల్లోకే వస్తుంది, అక్కడ దానికి పూర్తిగా తిరగేసిన సంగతి. బౌలర్ చేయగలిగింది లేనప్పుడు అది పోరు కాదు, వేలం పాట. కందుకూరు పొగాకు వేలంలో రేటు మీద రేటు పెంచినట్టు ఇద్దరూ పెంచుకుంటూ పోయారు.

ఇక మనది. 2002 జూలై 13, లార్డ్స్, నాట్‌వెస్ట్ ఫైనల్. ఇంగ్లండ్ 5 వికెట్లకు 325, ట్రెస్కోథిక్ 109, హుస్సేన్ 115. ఆ రోజుల్లో 325 అంటే ఇప్పటి 370 అనుకోండి. సెహ్వాగ్, గంగూలీ మొదటి వికెట్‌కి 106 కొట్టారు. గంగూలీ 43 బంతుల్లో 60. అప్పుడు పేరు రాయమంటే మనదే. 40 పరుగుల్లోనే ఐదు వికెట్లు పోయి 5 వికెట్లకు 146, సచిన్ కూడా పోయాడు. ఇప్పుడు ఇంగ్లండ్ పేరు, కళ్ళు మూసుకుని. మన పెద్దలు టీవీలు కట్టేసింది ఆ నిమిషంలోనే. యువరాజ్ 69, కైఫ్‌తో 121 పరుగుల జోడీ. మళ్ళీ తక్కెడ సమం. యువరాజ్ పోయాడు, హర్భజన్ కాస్త కొట్టాడు, 314 దగ్గర హర్భజన్, కుంబ్లే వెంటవెంటనే పోయారు. చేతిలో రెండే వికెట్లు, 12 కావాలి. కైఫ్ 75 బంతుల్లో 87 నాటౌట్, జహీర్ తోడు, 49.3 ఓవర్లలో 326. పేరు నాలుగుసార్లు మారింది. నా పట్టికలో ఇది మూడోది. మనవాళ్ళు గెలిచారని ఇవ్వలా. ఒక్క లోటు ఏందంటే, బంతితో ఆ రోజు ఎవరూ పెద్దగా సాధించింది లేదు.

1986 ఏప్రిల్ 18, షార్జా కూడా చెప్పాలి, గుండె రాయి చేసుకుని. మన 245కి పాకిస్తాన్ ఆఖరి బంతికి 4 కావాలి. మియాందాద్ అప్పటికే సెంచరీ దాటాడు. చేతన్ శర్మ యార్కర్ వేయబోయాడు, ఫుల్‌టాస్ పడింది, సిక్స్. బౌలర్లూ, ఇది మీకు. యార్కర్ పడాల్సింది బ్యాటర్ కాలి వేళ్ళ దగ్గర. రెండడుగులు ముందు పడితే హాఫ్‌వాలీ, అసలు నేల తాకకపోతే ఫుల్‌టాస్. చెమట పట్టిన చేతిలో బంతి ముందే జారితే పైకి పోతుంది. మియాందాద్ క్రీజులోంచి ముందుకొచ్చి నిలబడ్డాడు, అంటే యార్కర్ పడాల్సిన చోటు కూడా జరిగిపోయింది. ఆ ఒక్క బంతికి చేతన్ శర్మని ఇన్నేళ్ళు తిట్టారు. తర్వాత ఏడాది ప్రపంచకప్‌లో మొదటి హ్యాట్రిక్ తీసింది కూడా అతనేనని ఎంతమంది చెప్తారు?

రెండో స్థానం 2019 ఫైనల్‌కి. జూలై 14, మళ్ళీ లార్డ్సే. న్యూజిలాండ్ 8 వికెట్లకు 241, ఇంగ్లండ్ 241 ఆలౌట్. సమమైతే చెరో ఓవర్ ఆడించే సూపర్ ఓవర్ కూడా 15–15. ఎవరు ఎక్కువ బౌండరీలు కొట్టారన్న లెక్క 26–17, కప్పు ఇంగ్లండ్‌ది. ఈ లెక్క చాలామందికి మింగుడు పడలేదు, తర్వాత ఐసీసీ దాన్ని తీసేసి, తేలేదాకా సూపర్ ఓవర్లు వేయమంది. కానీ అంపైరింగ్ చేసేవాళ్ళు చూడాల్సింది ఆఖరి ఓవర్ నాలుగో బంతి.

బౌల్ట్ బౌలింగ్. ఇంగ్లండ్‌కి ఆరు బంతుల్లో 15 కావాలి. రెండు డాట్లు, అంటే పరుగు రాని బంతులు, మూడోది స్టోక్స్ సిక్స్. 3 బంతుల్లో 9. నాలుగోది డీప్ మిడ్‌వికెట్‌కి ఆడి రెండో పరుగుకి తిరిగాడు. గప్తిల్ విసిరిన బంతి, క్రీజులోకి దూకుతున్న స్టోక్స్ బ్యాటుకి తగిలి బౌండరీకి పోయింది. అంపైర్లు 6 ఇచ్చారు. 19.8 నిబంధన ఏమంటుందంటే, ఓవర్‌త్రో బౌండరీకి పోతే బౌండరీ నాలుగూ, అప్పటికే పూర్తయిన పరుగులూ ఇవ్వాలి. నడుస్తున్న పరుగు ఇవ్వాలంటే మాత్రం ఫీల్డర్ బంతి విసిరిన క్షణానికే బ్యాటర్లు ఒకరినొకరు దాటి ఉండాలి. గప్తిల్ చెయ్యి విదిల్చినప్పటికి స్టోక్స్, రషీద్ రెండో పరుగులో ఇంకా దాటుకోలేదు. అంటే పూర్తయిన పరుగు 1, బౌండరీ 4, మొత్తం 5. పైగా తర్వాతి బంతికి రషీద్ స్ట్రైక్‌లోకి రావాలి. 2 బంతుల్లో స్టోక్స్‌కి 3 కావడం వేరు, రషీద్‌కి 4 కావడం వేరు.

సంక్రాంతి టోర్నమెంట్లలో అంపైరింగ్ చేసేవాళ్ళు ఇది ఇప్పుడే మాట్లాడుకుని పెట్టుకోండి. ఇద్దరు అంపైర్లూ బంతి వెంటే చూస్తే ఈ తప్పు ఖాయం. ఒకరు ఫీల్డర్ చెయ్యి చూడాలి, ఒకరు పిచ్ మధ్య చూడాలి. ఎవరు ఏది అన్నది ఆటకి ముందే ఒప్పుకోవాలి. ఓవర్‌త్రో పోయాక తగాదా పడితే లాభం లేదు.

సరే, మొదటి స్థానం. 1999 జూన్ 17, ఎడ్జ్‌బాస్టన్, ప్రపంచకప్ సెమీఫైనల్. ఆస్ట్రేలియా 213, దక్షిణాఫ్రికా 213. రెండూ ఆలౌట్. 49.2 ఓవర్లు ఒకరు, 49.4 ఓవర్లు ఇంకొకరు. ఈ నాలుగు అంకెలు చూస్తేనే సగం సంగతి తెలిసిపోద్ది.

ఆస్ట్రేలియా 4 వికెట్లకు 68. బెవాన్ 65, స్టీవ్ వా 56, ఇద్దరూ కలిపి 90. పొలాక్ 36కి 5, డోనాల్డ్ 32కి 4. బదులుగా దక్షిణాఫ్రికా వికెట్ పోకుండా 48. అప్పుడు వార్న్ చేతికి బంతి. గిబ్స్ బౌల్డ్. ఆ బంతి లెగ్ స్టంప్ బయట పడి ఆఫ్ స్టంప్‌ని తాకింది. కిర్‌స్టెన్ పోయాడు, క్రోన్యే పోయాడు, కల్లినన్ రనౌట్, 4 వికెట్లకు 61. కాలిస్ 53, రోడ్స్ 43, 84 పరుగుల జోడీ, మళ్ళీ దక్షిణాఫ్రికా. 175 దగ్గర పొలాక్, కాలిస్ ఇద్దరూ వెళ్ళిపోయారు, మళ్ళీ ఆస్ట్రేలియా. వార్న్ 10 ఓవర్లు, 4 మెయిడెన్లు, 29 పరుగులు, 4 వికెట్లు. క్లూజ్‌నర్ దిగాడు, 9 వికెట్లకు 198 నుంచి ఒక్కడే లాక్కొచ్చాడు. రైఫెల్ చేతుల్లో పడి కూడా ఒక బంతి బౌండరీ అవతలికి పోయి సిక్స్ అయింది. చివరి ఓవర్, ఫ్లెమింగ్, కావలసింది 9, ఒకే వికెట్. మొదటి బంతి ఫోరు. రెండోది ఫోరు. స్కోర్లు సమం. 4 బంతుల్లో ఒక్క పరుగు. నా లెక్కలో పేరు ఆరుసార్లు మారింది. మీరు వేస్తే ఐదు రావచ్చు, తగాదా లేదు.

ఇక్కడ ఆగి ఆ పిచ్ చూడండి. ఒక క్రీజు నుంచి ఇంకో క్రీజుకి 58 అడుగులు, అంటే దాదాపు 17.7 మీటర్లు. స్టీవ్ వా ఫీల్డర్లందరినీ దగ్గరికి లాగాడు. మూడో బంతి: క్లూజ్‌నర్ మిడాన్ వైపు కొట్టాడు. నాన్‌స్ట్రైకర్, అంటే అవతలి కొసన ఉన్న బ్యాటర్, డోనాల్డ్ చాలా ముందుకి వచ్చేశాడు. లేమన్ విసిరిన బంతి స్టంప్స్‌కి తగిలి ఉంటే ఆట అక్కడే ముగిసేది. తగల్లా. నాలుగో బంతి: క్లూజ్‌నర్ మిడాఫ్ వైపు ఆడి పరుగు తీశాడు. ముందు బంతికి బెదిరిన డోనాల్డ్ ఈసారి క్రీజుని వదల్లేదు, బంతి వంకే చూస్తున్నాడు. తల తిప్పేసరికి క్లూజ్‌నర్ తన పక్కకి వచ్చేశాడు. కంగారులో బ్యాటు జారి పడిపోయింది. మార్క్ వా అందుకుని ఫ్లెమింగ్‌కి విసిరాడు, ఫ్లెమింగ్ కంగారు పడకుండా నేల మీద దొర్లిస్తూ గిల్‌క్రిస్ట్‌కి పంపాడు. బెయిల్స్ పోయాయి. రెండు బంతులు మిగిలే ఉన్నాయి.

తప్పు ఎవరిది? ఈ ఇద్దరి మధ్య తగాదా తీర్చడం ఇప్పటికీ ఎవరివల్లా కాలేదు గానీ, ఆటగాళ్ళకి కావలసింది ఇది. బంతి బ్యాటర్ ముందుకి పోతే కాల్ స్ట్రైకర్‌ది, వెనక్కి పోతే నాన్‌స్ట్రైకర్‌ది. ‘ఎస్’, ‘నో’, ‘వెయిట్’ ఈ మూడు మాటలే, గట్టిగా, ఒక్కసారే. నాన్‌స్ట్రైకర్ బంతి వంక చూడాలనుకుంటే కాళ్ళు కదులుతూ ఉండాలి. కాళ్ళు పాతుకుంటే బంతి వంక చూడకూడదు, భాగస్వామి వంక చూడాలి. డోనాల్డ్ చేసింది ఈ రెంటినీ కలిపేయడం. ఒక బంతి ముందు జరిగిన పొరపాటుకి మందు వేసుకోబోయి ఇంకో రోగం తెచ్చుకున్నాడు. నెట్స్‌లో బ్యాటింగ్ గంట చేస్తారు, పది నిమిషాలు ఇద్దరూ ప్యాడ్లు కట్టుకుని ఇది చేయరు. హెల్మెట్, గ్లోవ్స్‌తో, మధ్యలో ఒకడు కేకలేస్తూ ఉండగా చేస్తే గానీ అలవాటు కాదు. ఆ శబ్దంలో కాల్ వినపడదు మరి.

సమం అయితే ఆస్ట్రేలియా ఫైనల్‌కి ఎందుకెళ్ళింది? గ్రూపుల తర్వాతి దశైన సూపర్ సిక్స్‌లో పాయింట్లు సమానం, నెట్ రన్ రేటు మీద ఆస్ట్రేలియా పైన ఉంది. నాలుగు రోజుల ముందు, జూన్ 13న హెడింగ్లీలో ఇదే దక్షిణాఫ్రికా మీద స్టీవ్ వా 120 నాటౌట్ కొట్టి గెలిపించిన మ్యాచ్ లేకపోతే అసలు సెమీస్‌కే వచ్చేవాళ్ళు కాదు. అందులో 56 దగ్గర వా క్యాచ్‌ని గిబ్స్ చేతిలోకి తీసుకుని, సంబరంగా పైకి విసరబోయి జారవిడిచాడు. కాబట్టి ఎడ్జ్‌బాస్టన్ ఆట హెడింగ్లీలోనే మొదలైందనచ్చు.

ఒక ప్రశ్న వచ్చింది. వెనక నిలబడ్డ పిల్లవాడు అడుగుతున్నాడు, గట్టిగా చెప్తా, అందరికీ వినపడాలి. 1999లోనే సూపర్ ఓవర్ ఉండి ఉంటే ఎవరు గెలిచేవాళ్ళు అని. బాగా అడిగావు నాయనా. సూపర్ ఓవర్‌కి పది ఓవర్ల కోటా అడ్డు రాదు, కాబట్టి బంతి వార్న్‌కి ఇవ్వచ్చు. ఎదురుగా మాత్రం క్లూజ్‌నర్, ఎడమచేతి వాటం. వార్న్ లెగ్ బ్రేక్ అతనికి బయట నుంచి లోపలికి తిరుగుతుంది, అంటే నేరుగా అతను తిప్పే బ్యాటు దారిలోకే. 16 బంతుల్లో 31 కొట్టి ఒళ్ళు వేడెక్కినవాడికి అది పళ్ళెంలో పెట్టి ఇవ్వడమే. నేనైతే మెక్‌గ్రాత్‌కి ఇచ్చి, ఆఫ్ స్టంప్ బయట నిండు లెంగ్త్‌లో వేయమంటా, లెగ్ సైడ్ ఖాళీగా వదిలి. దక్షిణాఫ్రికా వైపు నుంచి అయితే పొలాక్ వేయాలి. డోనాల్డ్‌కి ఇవ్వను, ఆ నిమిషంలో అతని చేతులు ఇంకా వణుకుతూనే ఉంటాయి.